వాగ్దానం కార్డు వెనకున్న ఉత్తరం

ఏడాదికో వచనం, రోజుకో పేజీ, డ్యూటీకి బయల్దేరేముందు ఓ ప్రార్థన. మెట్టుగూడ రైల్వే కాలనీల్లోని క్రైస్తవ కుటుంబాల భక్తి ఆదివారం చర్చితో ముగిసిపోదు. ఆ అనుదిన ధ్యానం మీదే ఈ కథనం.

డిసెంబరు 31 రాత్రి సికింద్రాబాద్‌లోని చర్చిలు నిద్రపోవు. పన్నెండు కావస్తుంటే పాటలు ఆగుతాయి. పెద్దలు మోకాళ్ల మీదికి వస్తారు, పిల్లలు అమ్మ కొంగు పట్టుకుని కళ్లు మూసుకుంటారు. కొత్త ఏడు అడుగుపెట్టాక కరచాలనాలు, కౌగిలింతలు, కేకు ముక్కలు. ఆ సందడి కాస్త సద్దుమణిగాక అందరూ ఎదురుచూసే ఘట్టం వస్తుంది. పళ్లెంలో బోర్లించిన చిన్న చిన్న కార్డులు పెడతారు. వరుసలో వచ్చి తలా ఒకటి తీసుకుంటారు. కళ్లజోడు ఇంట్లో మరిచొచ్చిన తాతయ్యకు మనవడు చదివి వినిపిస్తాడు. "నీకేం వచ్చింది పిన్నీ?" అని ఒకరంటే, "నూట ఇరవై ఒకటో కీర్తన వచ్చిందమ్మా" అని ఇంకొకరు మురిసిపోతారు. ఆ కార్డు ఇంటికొచ్చి బీరువా అద్దానికో, బైబిలు అట్ట లోపలికో, పర్సులోకో చేరుతుంది. ఏడాది పొడవునా ఆ ఇంటికి అదే వాగ్దానం.

ఆ కార్డుల్లో అందరూ కోరుకునే వచనం ఒకటుంది: యిర్మీయా 29:11. దేవుడు తన ప్రజల గురించి చేసే ఆలోచనలు మేలుకే తప్ప కీడుకు కావని, వారికి రేపటి మీద ఆశ ఉందని దాని సారం. క్యాలెండర్ల మీద, పెళ్లి పత్రికల మీద, ఆటోల వెనక అద్దాల మీద, తెల్లారగానే వాట్సాప్‌లో వచ్చే గులాబీల బొమ్మ మీద కూడా అదే కనిపిస్తుంది. పరీక్ష తప్పిన కుర్రాడికీ ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న తల్లికీ అది ధైర్యం చెబుతుంది.

నిజానికి ఆ మాట ఒక ఉత్తరంలోది. సొంత ఊరు వదిలి పరాయి నగరంలో బతుకుతున్నవాళ్లకు రాసిన ఉత్తరం. మొదటి నుంచి చివరి దాకా చదివితే కార్డు మీది ఓదార్పు అలాగే ఉంటుంది, దానికి ఒక పని కూడా తోడవుతుంది. బదిలీల మీద వచ్చి స్థిరపడ్డవాళ్ల మెట్టుగూడకు ఆ ఉత్తరం అతికినట్టు సరిపోతుంది.

రైలు తెచ్చిన ఊరు

సికందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాద్ వెలిసింది. 1874లో వాడీ నుంచి రైలు మార్గం ఇక్కడికి చేరింది. 1893లో నిజాం రైల్వే లాలాగూడలో వర్క్‌షాపు పెట్టింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, సికింద్రాబాదే దానికి కేంద్రమైంది. స్టేషన్‌కూ తార్నాకకూ నడుమనున్న మెట్టుగూడ, దాని పక్కనే చిలకలగూడ, లాలాగూడ ఈ రైల్వేతో పాటే పెరిగిన పేటలు. క్వార్టర్లు, రైల్వే ఆసుపత్రి, మైదానాలు, వేపచెట్లు. 2017 నవంబరులో నాగోల్ వైపు మెట్రో మొదలయ్యాక మెట్టుగూడ పేరు స్టేషన్ బోర్డుకీ ఎక్కింది.

రైల్వే ఎక్కడెక్కడి మనుషులనో తెచ్చి ఒక్కచోట కాపురం పెట్టించింది. ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల కుటుంబాలు, తమిళ ఫిట్టర్లు, మలయాళీ నర్సులు, గుంటూరు, ఒంగోలు, విజయవాడల నుంచి వచ్చిన తెలుగు గుమాస్తాలు. ఎవరి భాష వాళ్లది, ఎవరి ఆరాధనా పద్ధతి వాళ్లది. అందుకే ఈ చుట్టుపక్కల కథోలికులు, బాప్టిస్టులు, దక్షిణ ఇండియా సంఘం వారు, బ్రదరెన్ సహవాసాలు, పెంతెకొస్తు మందిరాలు అన్నీ నడిచి వెళ్లే దూరంలోనే ఉంటాయి. మెట్టుగూడలోని సెయింట్ ఆంథోనీ చర్చి కథోలికుల పుణ్యస్థలం. ఆ చర్చికి పేరైన పాదువా పునీతుడు ఆంథోనీ 1231 జూన్ 13న కన్నుమూశాడు. ఆయన్ను సమాధి చేసింది మంగళవారం కావడంతో ప్రపంచమంతటా ఆయన భక్తులకు మంగళవారం ప్రత్యేకం. కొవ్వొత్తి వెలిగించేవారిలో క్రైస్తవేతరులూ ఉండటం ఇలాంటి పుణ్యస్థలాల్లో మామూలే.

క్వార్టరు సొంతిల్లు కాదు. రిటైరైన రోజున తాళం చెవి అప్పగించాల్సిందే. ఆ సంగతి తెలిసి కూడా వచ్చిన ప్రతి కుటుంబం పెరట్లో ఒక కరివేపాకు మొక్క నాటుతుంది. మునగ, జామ, పందిరి వేసి బీర తీగ. పెట్టినవాళ్లు బదిలీ మీద కాజీపేటకో గుంతకల్లుకో వెళ్లిపోతారు, కాయలు తర్వాత వచ్చినవాళ్లు కోసుకుంటారు.

పొద్దున్నే ఒక పేజీ

ఈ ఇళ్లల్లో బైబిలు ఎలా ఉంటుందో చూస్తే దాన్ని ఎలా వాడతారో తెలిసిపోతుంది. నల్ల అట్ట, దాని మీద జిప్పు ఉన్న సంచి. మూలలు అరిగి గుండ్రబడి ఉంటాయి. కీర్తనల దగ్గర పేజీలు నలిగి, చేతి చెమటకు కాస్త రంగు మారి ఉంటాయి. ఎర్ర పెన్సిలుతో గీతలు, అంచున తేదీలు. ఫలానా రోజు ఆసుపత్రిలో చదివింది, ఫలానా రోజు ఉద్యోగం వచ్చినప్పుడు చదివింది. మొదటి ఖాళీ పేజీలో పెళ్లి తేదీ, పిల్లలు పుట్టిన తేదీలు, బాప్తిస్మం తేదీలు. లోపల మడతపెట్టిన ఒక కాగితం, దాని మీద ప్రార్థన చేయాల్సినవాళ్ల పేర్లు. జవాబు వచ్చిన పేరు పక్కన టిక్కు ఉంటుంది.

కుటుంబ ప్రార్థన సాధారణంగా రాత్రి అన్నానికి ముందు. ఒక పాట, ఒక అధ్యాయం, ఒకరి ప్రార్థన. అధ్యాయంలో తలా ఒక వచనం చదవడం చాలా ఇళ్లల్లో ఆనవాయితీ. పిల్లలకు తెలుగు చదవడం వచ్చిందే అలా అని చెప్పుకునే కుటుంబాలు ఎన్నో. కానీ రైల్వే ఇంట్లో అందరూ ఒకే వేళకు కూర్చోవడం కష్టం. లోకో పైలట్‌కు అర్ధరాత్రి కాల్ వస్తుంది. వర్క్‌షాపు మనిషి పొద్దున్నే గేటు దాటాలి. నర్సుకు నైట్ డ్యూటీ. కాబట్టి ఎవరి పేజీ వాళ్లు ఎప్పుడు వీలైతే అప్పుడు చదువుకుంటారు. రన్నింగ్ రూమ్‌లో మంచం మీద ఫోన్‌లోని బైబిలు, మెట్రోలో నిలబడి చెవిలో ఆడియో.

రోజుకొక వచనం అనే అలవాటుకు దాదాపు మూడు శతాబ్దాల చరిత్ర ఉంది. జర్మనీలోని హెర్న్‌హుట్ గ్రామంలో మొరేవియన్ సహవాసం 1728 మే 3న మర్నాటికి ఒక వాక్యాన్ని నాయకుడు జిన్‌జెండార్ఫ్ నోట విన్నది. ఆ తర్వాత రోజూ ఇంటింటికీ ఒక వాక్యం చేరవేసేవారు. 1731 నుంచి ఏడాదికి సరిపడా వాక్యాలను చీటీలు తీసి ఎంచి, పుస్తకంగా అచ్చువేయడం మొదలైంది. ఆ పుస్తకం ఇప్పటికీ ఏటా వస్తూనే ఉంది. మన పళ్లెంలోని కార్డులకు ఆ చీటీలు పెద్దన్నలనుకోవచ్చు. మెథడిస్టు నాయకుడు జాన్ వెస్లీ ఆ మొరేవియన్ల దగ్గర చాలా నేర్చుకున్నాడు. దేవునితో చేసుకున్న ఒప్పందాన్ని మళ్లీ గుర్తుచేసుకునే నిబంధన ఆరాధనను 1755లో తన సంఘాలకు అలవాటు చేశాడు. అది తర్వాత కొత్త ఏడాది ఆరాధనగా స్థిరపడింది. కాబట్టి వెస్లియన్ మిషనరీల సేవ జరిగిన సికింద్రాబాద్, మెదక్ ప్రాంతాల్లో కొత్త ఏడాది ఆరాధనకు అంత పట్టు ఉండటంలో ఆశ్చర్యం లేదు.

తెలుగు ఇళ్లల్లో బైబిలు పక్కనే కనిపించే పుస్తకం 'ఎడారిలో సెలయేర్లు'. జపాన్‌లో మిషనరీగా పనిచేసిన చార్లెస్ కౌమన్ ఏళ్ల తరబడి మంచాన పడ్డాడు. ఆయనకు సేవచేస్తూ భార్య లెట్టీ తనను నిలబెట్టిన ధ్యానాలను పోగుచేసుకుంది. భర్త 1924లో చనిపోయాడు, మరుసటి ఏడు పుస్తకం వెలువడింది. యెషయా 35వ అధ్యాయంలోని మాట దానికి పేరైంది. రోగి మంచం పక్కన పుట్టింది కాబట్టే మన ఆసుపత్రి వరండాల్లో కూడా అది చేతులు మారుతుంటుంది.

తెలుగు నేల మీద పుట్టిన పద్ధతులూ ఉన్నాయి. 1938లో బైబిల్ మిషన్ స్థాపించిన ముంగమూరి దేవదాసు అయ్యగారి అనుచరులు 'కనిపెట్టు' ప్రార్థనకు పెద్దపీట వేస్తారు. అడగాల్సినవన్నీ అడగడం ఆపి, దేవుని సన్నిధిలో మౌనంగా కూర్చోవడం అది. ముషీరాబాద్‌లోని హెబ్రోను మందిరం కేంద్రంగా సేవచేసిన భక్తసింగ్‌ది మరో దారి. పంజాబు సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, ఇంజినీరింగ్ చదువుకు విదేశాలకు వెళ్లి, క్రీస్తును నమ్మి తిరిగొచ్చిన ఆయన బైబిలును మోకాళ్ల మీద ఉండి, మొదటి పుట నుంచి చివరి పుట దాకా మళ్లీ మళ్లీ చదవమనేవారు. 2000 సెప్టెంబరులో ఆయన కన్నుమూసేనాటికి ఆ అలవాటు వేలాది తెలుగు ఇళ్లలో పాతుకుపోయింది.

ఉత్తరం మొత్తం చదివితే

క్రీస్తుపూర్వం 597. బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకుని, రాజు యెకొన్యాను, అధికారులను, కంసాలులను, శిల్పకారులను చెరపట్టి తీసుకుపోయాడు. పని తెలిసిన చేతులన్నీ వందల మైళ్ల దూరం తరలిపోయాయి. అక్కడ వాళ్లను తొలిచేసిన ప్రశ్న ఒక్కటే: ఇంటికి ఎప్పుడు?

హనన్యా అనే ప్రవక్త దానికి తీయని జవాబు చెప్పాడు. రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారన్నాడు. బబులోనుకు లొంగి ఉండాలనే గుర్తుగా యిర్మీయా ప్రవక్త మెడ మీద వేసుకున్న కాడిని జనం ముందే విరిచేశాడు కూడా. యిర్మీయా మాత్రం అంత తేలికైన మాట చెప్పలేకపోయాడు. యూదా కొత్త రాజు పంపిన దూతలు ఎల్యాశా, గెమర్యా బబులోనుకు వెళ్తుంటే వాళ్ల చేత ఒక ఉత్తరం పంపాడు. అదే 29వ అధ్యాయం.

అందులో ముందుగా వచ్చేవి పదకొండో వచనంలోని మేలు ఆలోచనలు కావు. ఇళ్లు కట్టుకుని కాపురముండండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పెళ్లిళ్లు చేయండి, పిల్లల్ని కనండి అని అయిదు, ఆరు వచనాలు చెబుతాయి. ఏడో వచనం ఇంకా కష్టం. మిమ్మల్ని చెరపట్టి తెచ్చిన ఆ నగరం క్షేమం కోసమే పాటుపడండి, దాని కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అని. పదో వచనంలో గడువు తెలుస్తుంది: డెబ్బై ఏళ్లు. ఆ తర్వాతే మనం కార్డు మీద చదువుకునే మాట.

డెబ్బై ఏళ్లంటే ఉత్తరం చదివిన పెద్దల్లో చాలామంది సొంతూరు మళ్లీ చూడరు. వాగ్దానం వాళ్ల మనవల కాలంలో నెరవేరుతుంది. అయినా వాళ్లు నాటాలి, కట్టాలి, శత్రునగరం బాగు కోరుకోవాలి. ఆ మాట అందరికీ నచ్చలేదు. చెరలో ఉన్న షెమయా అనే అతను యెరూషలేము యాజకుడికి ఫిర్యాదు రాశాడు, యిర్మీయాను ఎందుకు గద్దించలేదని. ఆ గొడవా అదే అధ్యాయం చివర్లో ఉంది.

ఇది తెలిశాక కార్డు విలువ తగ్గదు. ఈ ఏడాదే అన్నీ చక్కబడతాయని నమ్మి, డిసెంబరు వచ్చినా చక్కబడక లోలోపల కుమిలిపోయేవాళ్లకు ఈ ఉత్తరం మరింత లోతైన ధైర్యం ఇస్తుంది. జవాబు ఆలస్యమైనంత మాత్రాన మాట తప్పినట్టు కాదని చెబుతుంది. ఈలోగా చేతికి పని కూడా ఇస్తుంది.

వచనానికి ముందూ వెనకా

బైబిలు పుస్తకాలు రాసినప్పుడు వాటిలో వచనాల అంకెలు లేవు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దం నాటిది. కొత్త నిబంధనలో ఇప్పుడు వాడే వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు వేసినవి. అంకె ఉండబట్టే ఒక్క వాక్యాన్ని కార్డు మీద అచ్చువేయగలుగుతున్నాం, దాన్ని చుట్టూ ఉన్నవాటి నుంచి విడదీయడమూ అంతే తేలికైంది.

జిమ్ముల గోడల మీద, బైకుల మీద కనిపించే ఫిలిప్పీ 4:13 చూడండి. క్రీస్తు బలంతో అన్నీ చేయగలనన్న పౌలు ఆ మాట రాసేటప్పుడు సంకెళ్లలో ఉన్నాడు. దానికి ముందు రెండు వచనాల్లో కడుపు నిండినప్పుడూ ఆకలితో ఉన్నప్పుడూ ఒకేలా తృప్తిగా ఉండటం నేర్చుకున్నానంటాడు. వెంటనే వచ్చే పద్నాలుగో వచనంలో, అయినా నా కష్టంలో మీరు పాలుపంచుకోవడం మంచిదైందని ఫిలిప్పీవారికి కృతజ్ఞత చెబుతాడు. వాళ్లు ఎపఫ్రొదితు చేత సాయం పంపారు. పదమూడో వచనం పౌలు ధైర్యాన్ని చూపిస్తే, పద్నాలుగో వచనం ఖైదీకి సాయం మోసుకెళ్లిన సంఘాన్ని చూపిస్తుంది. రెండూ కలిపి చదివినవాళ్లు జబ్బుపడ్డ పొరుగింటాయనకు వచనం పంపి ఊరుకోరు, క్యారేజీ కూడా పంపుతారు.

విలాపవాక్యములు కూడా అంతే. దేవుని కృప ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందన్న మాట మూడో అధ్యాయం నడిమిలో ఉంది. దాని చుట్టూ అయిదు అధ్యాయాల ఏడుపు, కాలిపోయిన యెరూషలేము, తిండి అడుక్కునే పిల్లలు. ఆ బూడిద మధ్య నిలబడి అన్న మాట కాబట్టే అది ఆసుపత్రి మంచం పక్కన నిలబడుతుంది.

ఇలా ముందూ వెనకా చదువుకునే వీలు తెలుగువాళ్లకు ఊరికే రాలేదు. 1805లో విశాఖపట్నం చేరిన మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ తెలుగు నేర్చుకుని అనువాదం మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే తెలుగు పండితుడు వారికి అండగా నిలిచాడు. క్రాన్ 1809లో, డిగ్రాంజెస్ 1810లో చనిపోయారు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యేనాటికి మిషనరీలిద్దరూ లేరు. పూర్తి కొత్త నిబంధన 1818లో వచ్చింది. మొత్తం బైబిలు చేతికి రావడానికి 1850ల నడిమి దాకా ఆగాల్సి వచ్చింది. అనువాదకులు, పండితులు, అచ్చుకూర్పరులు అర్ధ శతాబ్దం శ్రమించి మొత్తం గ్రంథం ఇస్తే, ఏడాదికి ఒక్క వాక్యం చాలనుకోవడం ఆ శ్రమను చిన్నబుచ్చడమే.

బైబిల్లో 1,189 అధ్యాయాలున్నాయి. రోజుకు మూడు, నాలుగు చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. స్కాట్లాండ్ పాదిరి రాబర్ట్ మర్రీ మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం రోజుకు నాలుగు భాగాల పట్టిక వేశాడు. అంత తీరిక లేనివాళ్లు రోజుకొక అధ్యాయం చదివినా మూడేళ్ల మూడు నెలలు.

డ్యూటీలో విశ్వాసం

నెహెమ్యా, అర్తహషస్త రాజుకు గిన్నె అందించే ఉద్యోగి. యెరూషలేము గోడలు కూలి ఉన్నాయని విని ఉపవాసముండి నెలల తరబడి ప్రార్థించాడు. తీరా రాజు ఒకరోజు "నీకేం కావాలి?" అని అడిగాడు. ఆ ప్రశ్నకూ జవాబుకూ నడుమ దేవుని ప్రార్థించానని నెహెమ్యా రాసుకున్నాడు. రాజు ఎదుట నిలబడి చేసిన ఆ ప్రార్థన ఒక్క శ్వాస పట్టి ఉంటుంది. సిగ్నల్ దగ్గర, ఇంజెక్షన్ గదిలో, పై అధికారి టేబుల్ ముందు చేసే ప్రార్థనకు ఇంతకన్నా మంచి ఆధారం ఏముంటుంది? ఆ ఒక్క శ్వాసకు వెనక ఉపవాసం, నెలల ప్రార్థన ఉన్నాయన్నదీ మరవకూడదు.

రూతు గ్రంథంలో బోయజు పొలానికి రాగానే కోతవాళ్లను దేవుని పేరిట పలకరిస్తాడు, వాళ్లూ దీవెనతో బదులిస్తారు. "వందనాలు అయ్యగారూ", "వందనాలమ్మా" అని చర్చి గుమ్మంలో ఆప్యాయంగా చేతులు జోడించేవాళ్లు ఈ పలకరింపు జరిగింది పొలంలో అని గమనించాలి. యజమానే ముందు పలకరించాడు. వాళ్లు కూలీలు.

కూలి గురించి లేఖనం ఇంకా సూటిగా మాట్లాడుతుంది. బీద కూలివాడి కూలి ఆ రోజు పొద్దు గుంకకముందే ఇచ్చేయాలి, అతను దాని మీదే ఆశపెట్టుకున్నాడు అని ద్వితీయోపదేశకాండము 24:15 చెబుతుంది. యాకోబు పత్రిక అయిదో అధ్యాయం, బిగబట్టిన కూలి మొరపెడుతోందంటుంది. ఈ వచనాలు వాగ్దానం కార్డుల మీద కనబడవు. కనబడితే ఎంత బాగుంటుంది! పనమ్మాయికి ఒకటో తేదీనే జీతం చేతికివ్వడం, ఆటో అబ్బాయికి చిల్లర ఎగ్గొట్టకపోవడం, పెళ్లి వంటకు వచ్చినవాళ్లను లెక్క తేల్చకుండా రేపు రమ్మనకపోవడం కూడా ధ్యానంలో భాగమే. పొద్దున చదివిన పేజీ సాయంత్రానికి పక్కవాడి చేతికి అందాలి.

నగర క్షేమం కోసం పాటుపడమన్న యిర్మీయా మాట ఈ పేటల్లో చాలాచోట్ల బతికే ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆసుపత్రి వార్డుల్లో మంచం మంచం దగ్గర ఆగి ప్రార్థించే స్త్రీల సమాజం వాళ్లున్నారు. వేసవిలో వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) పెట్టి వీధి పిల్లలందరికీ పాటలు, కథలు నేర్పి, బిస్కెట్లు పంచే కుర్రకారు ఉన్నారు. చావు ఇంటికి మతం అడగకుండా కుర్చీలు, టీ ఫ్లాస్కు మోసుకొచ్చే పొరుగువాళ్లున్నారు. వీళ్లలో చాలామందికి ఏడో వచనం నోటికి రాకపోవచ్చు. చేతికి మాత్రం వచ్చు.

ఈ వారం చదువుకోడానికి

వాగ్దానం కార్డు బీరువా అద్దానికి అలాగే ఉండనివ్వండి. దానికి తోడుగా ఈ ఏడు రోజులూ ఒక్కో భాగం పూర్తిగా చదవండి. ఇంట్లో అందరూ కూర్చుంటే తలా ఒక వచనం.

ఆదివారం: యిర్మీయా 28, 29 అధ్యాయాలు. హనన్యా చెప్పిన రెండేళ్లు, యిర్మీయా చెప్పిన డెబ్బై ఏళ్లు పక్కపక్కన పెట్టి చూడండి.

సోమవారం: కీర్తన 121. ఎనిమిదే వచనాలు. బయటికి వెళ్లేవారినీ తిరిగొచ్చేవారినీ కాపాడే దేవుని గురించి. ఇంట్లో రాత్రి డ్యూటీవాళ్లుంటే వాళ్లు బయల్దేరేముందు చదవండి.

మంగళవారం: నెహెమ్యా 1, 2 అధ్యాయాలు. అతని పొడుగు ప్రార్థన, పొట్టి ప్రార్థన రెండూ గుర్తించండి.

బుధవారం: రూతు 2. బోయజు పొలంలో ఎవరు ఎవరితో ఎలా మాట్లాడారో చూడండి.

గురువారం: ద్వితీయోపదేశకాండము 24:10 నుంచి 22 వరకు. తాకట్టు, కూలి, పరదేశి, విధవరాలు, పొలంలో మరచిన పన.

శుక్రవారం: విలాపవాక్యములు 3. అరవై ఆరు వచనాలు. ఉపవాస ప్రార్థన ఉన్న రోజు కాబట్టి తొందరలేకుండా చదవొచ్చు.

శనివారం: ఫిలిప్పీ 4. చదివాక ప్రార్థన కాగితంలోంచి ఒక పేరు ఎంచుకుని, ఆదివారం ఆరాధన తర్వాత ఆ ఇంటికి వెళ్లండి.